చెప్పింది చెప్పినట్టు

ఆ ఏడాది సూరత్‌లో బతుకమ్మకు మైదానం దొరకలేదు. కరోనా రెండోసారి వచ్చి పోయి నాలుగైదు నెలలే అయింది. గల్లీల్లో కొద్దిమందితో ఆడుకోవచ్చు గానీ పెద్ద పందిళ్లు వేయకూడదని సర్కారు ఆంక్షలు పెట్టింది. గర్బా ఆడే గుజరాతీలకు ఏ నియమమో తెలుగువాళ్లకూ అదే నియమం. అందుకని ఎవరి గల్లీలో వాళ్లు ఆడుకునేట్టు, తెలుగు సంఘం తరఫున మాత్రం పర్వత్ పాటియాలో ఒక పెళ్లిళ్ల హాలు తీసుకుని రెండు మూడు రోజులకొకటిగా మూడు సాయంత్రాలు ముచ్చట్లు పెట్టేట్టు నిర్ణయమైంది. బతుకమ్మ ఎట్లా పుట్టింది, ఆ పాటల్లో ఏముంది, గర్బాకూ దీనికీ పోలికేమిటి, ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇవి ఎట్లా నేర్పాలి. ముందు ఒకరు మాట్లాడతారు, ఆ తర్వాత ఎవరైనా లేచి అడగొచ్చు. చుట్టుపక్కల గుజరాతీలనూ, మగ్గాల కార్ఖానాల సేఠ్‌లనూ కూడా పిలిచారు.

మాటలు ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ చెప్పడానికి ఒక మనిషి కావాల్సివచ్చింది. సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం సింధూజను అడిగాడు.

సింధూజకు ఇరవై రెండేళ్లు. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోని భేస్తాన్‌లో. చదివింది గుజరాతీ మీడియం. ఇంట్లో తల్లిదండ్రులతో సిరిసిల్ల తెలుగు, గల్లీలో హిందీ, బట్టల మార్కెట్‌లో తను పనిచేసే చీరల దుకాణంలో గుజరాతీ. మూడు భాషలూ ఆమె నోట నీళ్లలా వచ్చేవి. తండ్రి నర్సింగం ధనసుఖ్‌భాయ్ అనే సేఠ్ కార్ఖానాలో మాస్టర్. అంటే మగ్గం ఆగిపోతే బాగుచేసేవాడు. పద్దెనిమిదేళ్లుగా అదే కార్ఖానా. ఈసారి హాలు కిరాయి పెట్టుకున్నది కూడా ఆ సేఠే.

మొదటి సాయంత్రం ఊర్మిళాబెన్ అనే టీచర్ గర్బా గురించి మాట్లాడింది. చిల్లుల కుండలో దీపం పెట్టి దాని చుట్టూ తిరగడం గురించి చెప్పింది. సింధూజ తెలుగులో చెబుతుంటే ఆడవాళ్లు తలలూపారు. ఒకావిడ లేచి, "మీరు సుట్టు తిరుక్కుంట ఎన్కకు గూడ పోతరు గద, మేం పోం. అదెందుకో అడుగు బిడ్డా" అంది. సింధూజ అడిగింది. టీచర్ చీర కొంగు దోపుకుని వేదిక దిగి ఆడి చూపించింది. ఇద్దరు ముగ్గురు తెలుగు ఆడవాళ్లు ఆమెతో కలిశారు. మాస్కుల వెనక అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ముగిశాక, "నువ్వు లేకుంటే ఇది అయ్యేటిదే కాదు" అని లక్ష్మీరాజం అన్నప్పుడు సింధూజకు గర్వంగా అనిపించింది. తను లేకపోతే ఈ రెండు గుంపులు ఒకే హాల్లో ఎవరి దారిన వాళ్లు కూర్చుని వెళ్లిపోయేవి.

రెండో సాయంత్రం భూదేవి మాట్లాడాలి.

భూదేవి సింధూజ వాళ్ల వెనక గల్లీలో ఉంటుంది. యాభైకి దగ్గర పడిన మనిషి. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పని చేస్తుంది. భేస్తాన్ తెలుగు గల్లీల్లో బతుకమ్మ పాట ఎత్తాలంటే ఆమే ఎత్తాలి. ఆమె గొంతు లేస్తే మిగతా ఆడవాళ్ల అడుగులు వాటంతటవే సర్దుకునేవి. ఆమె భర్త వెంకటయ్య కూడా ధనసుఖ్‌భాయ్ కార్ఖానాలోనే మగ్గం నడిపేవాడు. లాక్‌డౌన్‌లో పోయాడు. కొడుకు సురేశ్ ఇచ్ఛాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనికి పోతాడు. ఆ సాయంత్రం అతనికి డ్యూటీ ఉంది. భూదేవి ఒక్కతే వచ్చింది. పాతికేళ్లు సూరత్‌లో ఉన్నా ఆమెకు కూరగాయలు కొనేంత హిందీ తప్ప మరేదీ రాదు. బయటి పనులన్నీ వెంకటయ్యే చూసుకునేవాడు.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. గుజరాతీలు ముందు వరసల్లో కూర్చున్నారు. మధ్యలో ధనసుఖ్‌భాయ్. తెల్లని లాల్చీ, మెడలో పూలదండ. నర్సింగం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

భూదేవి మొదట బెరుకుగా మొదలుపెట్టింది. రెండు మూడు మాటలు చెప్పి ఆగి సింధూజ వైపు చూసేది. సింధూజ గుజరాతీలో చెప్పాక మళ్లీ అందుకునేది. సూరత్‌కు వచ్చిన కొత్తలో తంగేడు పూలు దొరక్క బంతిపూలతోనే పేర్చిన సంగతి చెప్పింది. నిమజ్జనానికి కాలువ దాకా పోతుంటే గల్లీ కుక్కలు వెంటపడ్డ సంగతి చెప్పింది. జనం నవ్వారు. ఆమెకు ధైర్యం వచ్చింది.

"పోయినేడు నేను బతుకమ్మ ఆడలె" అంది. "ఇంట్ల మనిషి పోతే ఏడాది దాక పువ్వు పేర్వం. మా ఇంటాయన లాక్‌డౌన్ల పోయిండు. కరోనతోని పోలె. తాళంతోని పోయిండు."

సింధూజ చెప్పింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు బతుకమ్మ పేర్చరనీ, ఆమె భర్త లాక్‌డౌన్‌లో పోయాడనీ చెప్పి అక్కడ ఆగింది. తాళం మాట చెప్పలేదు. అది భూదేవి గమనించలేదు.

"లాక్‌డౌన్ పెట్టిన దినం ఆయన పాళీల, డ్యూటీల ఉండె" అని భూదేవి అందుకుంది. ఈసారి ఆమె ఆగలేదు. "బయిటికి ఇడిస్తే అందరు ఊర్లకు ఉరుకుతరని, పాళీల ఉన్నోళ్లను లోపట్నే ఉంచి షట్టర్‌కు తాళమేసిండ్రు. నేను దినాం కిటికి సందులకెళ్లి అన్నం ఇచ్చేదాన్ని. ఒకనాడు పొద్దుగాల ఆయనకు ఛాతిల నొప్పి లేసింది. లోపటోళ్లు షట్టర్ గుద్దిండ్రు, ఒర్లిండ్రు. నేను బయిట నిలవడి ఒర్లిన. సేఠ్‌కు ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలె. తాళం తీసేటాళ్లకు మాపయింది. దవాఖానకు పోంగ దారిల్నే పాణం పోయింది. సేఠ్ ఇగో, ముంగట్నే కూసున్నడు. నేను తిట్ట రాలె. ఒక్కటే అడుగుత. గా తాళం ఎందుకేసినవయ్యా?"

హాల్లో తెలుగువాళ్లందరూ కొయ్యబారిపోయారు. గుజరాతీలు మర్యాదగా సింధూజ వైపు చూస్తున్నారు, ఆ మాటల అర్థం కోసం. ధనసుఖ్‌భాయ్ కూడా అట్లాగే చూస్తున్నాడు, కొంచెం నవ్వు మొహంతో. తన ప్రస్తావన వచ్చిందని మాత్రం అతనికి తెలిసింది.

సింధూజ మైకు పట్టుకుంది. వెనక గోడ దగ్గర తండ్రి కనిపించాడు. నర్సింగం తల అడ్డంగా ఊపలేదు, చెయ్యి ఎత్తలేదు. మాస్కు పైన కళ్లు మాత్రం కూతురిని వదలకుండా చూస్తున్నాయి.

"ఆ కష్టకాలంలో," అని ఆమె గుజరాతీలో మొదలుపెట్టింది. మొదటి మాట నోరు జారినట్టే వచ్చింది. తర్వాతివి వాటంతటవే వచ్చేశాయి. "ఆ కష్టకాలంలో మా సేఠ్ మగ్గం నడిపే కారీగర్లను రోడ్డున పడనివ్వలేదు. తన కార్ఖానాలోనే నీడ ఇచ్చి కడుపులో పెట్టుకున్నారు. నా భర్త ఆయుష్షు అంతవరకే ఉంది. ఆయన చివరి రోజుల్లో నీడనిచ్చిన సేఠ్‌కు ఈ సభలో అందరి ముందూ కృతజ్ఞతగా ఆభార్ చెప్పుకుంటున్నాను."

చప్పట్లు మోగాయి. ముందు గుజరాతీలు కొట్టారు. ఒక నిమిషం ఆగి తెలుగువాళ్లు కూడా కొట్టారు. ధనసుఖ్‌భాయ్ లేచి వేదిక మీదికి వచ్చి భూదేవి ముందు రెండు చేతులూ జోడించి తల వంచాడు. అతని కళ్లు తడిసి ఉన్నాయి. లక్ష్మీరాజం గబగబా శాలువా అందించాడు. సేఠ్ దాన్ని భూదేవి భుజాల మీద కప్పాడు.

భూదేవి ఏడ్చింది. "గంతే సాలు" అంది. "గంతే సాలయ్యా." ఆ మాటను గుజరాతీలో చెప్పమని ఎవరూ అడగలేదు.

హాలు ఖాళీ అవుతుంటే లక్ష్మీరాజం సింధూజ దగ్గరికి వచ్చాడు. "మంచిగ సంభాళించినవ్ బిడ్డా. లేకుంటే ఇజ్జత్ పోయేది" అని మెల్లగా చెప్పి వెళ్లాడు. ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారు. ఇంటికి పోతున్నప్పుడు బండి మీద నర్సింగం ఒక్క మాటా మాట్లాడలేదు. గల్లీ మలుపులో మాత్రం బండి ఆపి కూతురికి కుల్ఫీ కొనిచ్చాడు. చిన్నప్పుడు పరీక్ష పాసైతే కొనిచ్చేవాడు. సింధూజ దాన్ని తినలేక చేతిలోనే కరగనిచ్చింది.

ఆ తర్వాత ఆమెకు పనిలో ధ్యాస నిలవలేదు. దుకాణంలో ఫోన్ ఎత్తి ఒక రంగు చీరకు బదులు ఇంకో రంగు రాసుకుంది. ఎవరో తీసిన వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. దాని కింద దండాల బొమ్మలు, పూల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆమె ఒక్కసారే చూసింది. తన గుజరాతీ ఎంత చక్కగా ఉందో విని మధ్యలోనే ఆపేసింది. భూదేవి గల్లీ మీదుగా పోవాల్సివస్తుందని మార్కెట్‌కు చుట్టుదారిలో పోయింది. భూదేవి చేసిన ఫోన్ ఎత్తలేదు. ఫోన్ మోగుతుంటే పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నప్పుడు, ఇంకెవరో కూడా ఒకప్పుడు ఇట్లాగే చూస్తూ కూర్చున్నారని ఆమెకు తోచింది.

ఆదివారం భూదేవే వచ్చింది. స్టీలు డబ్బాలో రొట్టె, బెల్లం కలిపి ముద్ద చేసిన మలీదలు తెచ్చింది. నర్సింగం ఇంట్లో లేడు. తల్లి బట్టలు ఆరేయడానికి పైకి పోయింది. భూదేవి గడప దగ్గరే చతికిలబడి సింధూజను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమే, మొకమే కనిపిస్తలేదు. గా దినం నువ్వు నా తరఫున మాట్లాడినవ్. నీ నోట్లె చక్కెర పొయ్యాలె" అని డబ్బా మూత తీసింది. "మా ఆడిబిడ్డకు ఊర్లెకు ఫోన్ చేసి చెప్పిన. గంత పెద్ద సేఠ్ అందరి ముంగట దండం పెట్టిండు, తప్పయిందని ఒప్పుకున్నడు అన్న. అది గూడ ఏడ్చింది. నాకు ఇన్ని దినాలు నిద్ర పట్టలే బిడ్డా. కండ్లు మూస్తే షట్టర్ సప్పుడే. ఇప్పుడు జర పండుకుంటున్న."

సింధూజ మలీద ముక్క చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇంకోటి చెప్పాలె. మీ బాపుతోని సేఠ్ కబురు పంపిండు. మా సురేశ్‌ను కార్ఖానకు రమ్మన్నడట. ఇచ్ఛాపూర్ దూరం గద, పోరడు వచ్చిపోవుటానికే సస్తుండు. ఈడనైతే రాత్రి పాళి, ఆడనే పండుకోవచ్చునట. ఇన్నొద్దులు నేను గా గల్లీలకు కాలు పెట్టనియ్యలె వాణ్ని. ఇగ ఏం భయం? ఆయనే తప్పు తెలుసుకున్నడు. మల్ల తాళం వేస్తడా? దసరా ఎల్లంగనే పొమ్మన్న."

మలీద ముక్క సింధూజ చేతిలో పొడి అయింది. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ తల్లి మెట్లు దిగి రావడంతో మాట మింగేసింది. భూదేవి డబ్బా ఖాళీ చేసి, సింధూజ తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నర్సింగం ఇంటికి రాగానే సింధూజ, "బాపూ, నేను భూదేవత్తకు చెప్పేస్త" అంది.

నర్సింగం చెప్పులు విడుస్తూ ఆగాడు. "ఏం చెప్తవ్?"

"ఆమె అన్నది ఒకటి, నేను చెప్పింది ఒకటి అని."

"ఇప్పుడేమయింది? ఆమె ఖుషీగున్నది. సేఠ్ ఖుషీగున్నడు. పోరనికి పని దొరికింది. ఎవ్వలకేం నష్టమైంది?"

"సురేశ్ గా కార్ఖానల పండుకుంటడు బాపూ. సేఠ్ తప్పు ఒప్పుకున్నడని ఆమె పంపుతున్నది. ఆయనేం ఒప్పుకున్నడు?"

నర్సింగం నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు చెప్పుల వైపే చూశాడు. "గా దినం నేను గూడ షట్టర్ బయిటనే ఉన్న" అన్నాడు చివరికి. "సేఠ్‌కు ఫోన్ చేసింది నేనే. సుత్తె ఇంట్లనే ఉండె. నాలుగు దెబ్బలేస్తే తాళం ఇరుగుతుండె. సేఠ్ ఏమంటడో అని ఆగిన. ఇంకో ఫోన్ చేద్దాం, ఇంకో ఫోన్ చేద్దాం అనుకుంట మాపటి దాక నిలవడ్డ." అతను చెప్పు పట్టీని వేలితో సర్దాడు. "నువ్వు స్టేజీ మీద గట్ల చెప్పుతుంటే, నా పాపం గూడ కడుగుకపోయినట్టే అనిపించింది బిడ్డా."

సింధూజకు ఆ సంగతి అంతవరకు తెలియదు. తండ్రి మీద కోపం రావాల్సింది. రాలేదు. వెనక గోడ దగ్గరి కళ్లు గుర్తొచ్చాయి. తను ఆ కళ్ల కోసమే అట్లా చెప్పిందా, లేక చప్పట్ల కోసం చెప్పిందా అన్నది ఆమెకే తేలలేదు.

మరునాడు దుకాణానికి సెలవు చెప్పి భూదేవి ఇంటికి పోయింది. ఒక్కటే గది. భూదేవి చీర పరుచుకుని రాళ్లు అతికిస్తోంది. జిగురు వాసన గది నిండా ఉంది.

"అత్తమ్మా, గా దినం నువ్వన్న మాట నేను చెప్పలే."

"ఏం మాట?"

"తాళం మాట. ఫోన్ ఎత్తని మాట. ఏది చెప్పలే."

భూదేవికి వెంటనే అర్థం కాలేదు. చేతిలోని రాయిని చీర మీద పెట్టి వేలితో నొక్కింది. "మరి ఆయన దండం ఎందుకు పెట్టిండు?"

సింధూజ చీర మీది రాళ్ల వైపు చూసింది.

"నేను ఏమన్న అని చెప్పినవ్?" భూదేవి చీర పక్కకు నెట్టింది. "చెప్పు. ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు. ముందుగాల గుజరాతిల చెప్పు."

సింధూజ గుజరాతీలో చెప్పింది. ఆ గదిలో, ఆ జిగురు వాసనలో, ఆ చక్కటి మాటలు పలకడానికి నాలుక కష్టంగా తిరిగింది.

"ఇప్పుడు తెలుగుల చెప్పు."

"ఆ కష్టంల సేఠ్ కారీగర్లను కడుపుల పెట్టుకున్నడు అని చెప్పిన. నీ పెనిమిటి ఆయుష్షు అంతే ఉండె అని చెప్పిన. నీడ ఇచ్చినందుకు సేఠ్‌కు..." ఆమె ఆగింది.

"సేఠ్‌కు?"

"దండాలు అని చెప్పిన."

భూదేవి కొట్టలేదు, తిట్టలేదు. లేచి మూలనున్న కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుకుంది. తాగకుండా గిన్నె పట్టుకుని నిలబడింది. "నా మొగణ్ని సంపినోనికి నాతోని దండం పెట్టిచ్చినవ్" అంది. "నేను ఏడ్సిన గూడ. సాలయ్యా అన్న. అందరు ఇన్నరు. నీ అసొంటి సదువుకున్న పోరి నా పక్కన ఉన్నదని ధైర్నం చేసి నోరు తెరిసిన. లేకుంటే ఎన్నడన్న తెరుస్తుంటినా?"

సింధూజ ఏడవడం మొదలుపెట్టింది.

"నువ్వు ఏడ్వకు. నాకు కోపమొస్తది." భూదేవి నీళ్లు కింద పెట్టింది. "నా ఆడిబిడ్డకు ఇప్పుడు ఏమని ఫోన్ చెయ్యాలె? నువ్వు చెప్పకపోయినా ఐతుండె. నేను నిమ్మలంగ ఉంటుంటి."

"సురేశ్..." అంది సింధూజ.

ఆ మాటతో భూదేవి చతికిలబడింది. బయట ఎవరో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. అతని కేక దూరమయ్యాక ఆమె తల ఎత్తింది.

"నువ్వు సేఠ్ కాడికి పో. నేను అన్నది అన్నట్టు చెప్పు. ఆయన ఏమంటడో గది గూడ అన్నది అన్నట్టు నాకు వచ్చి చెప్పు. నడుమ నీ మాట ఒక్కటి ఉండొద్దు."

"నువ్వు గూడ రా అత్తమ్మా."

"నేను రాను. ఆయన మొకం జూస్తే మల్ల ఆ దండమే యాదికొస్తది."

కార్ఖానా రెండు గల్లీల అవతల. మగ్గాల మోతకు రోడ్డు మీదే చెవులు దిబ్బడ వేస్తాయి. షట్టర్ పైకి ఎత్తి ఉంది. సింధూజ దాని కింద నుంచి పోతూ తల వంచుకుంది. ధనసుఖ్‌భాయ్ మూలన అద్దాల గదిలో ఉన్నాడు. నవరాత్రి ఉపవాసం అనుకుంటా, ముందు అరటిపళ్లు, గ్లాసులో పాలు ఉన్నాయి. ఆమెను చూసి సంతోషంగా లోపలికి పిలిచాడు.

"మా మాస్టర్ కూతురు! రా బేటా. ఏం గుజరాతీ మాట్లాడావు ఆ రోజు! మా ఇంట్లో పిల్లలకే రాదు అట్లా."

సింధూజ కూర్చోలేదు. "ఆ రోజు నేను చెప్పింది భూదేవి అత్తమ్మ అన్న మాట కాదు" అంది. ఆ తర్వాత, ఆగకుండా, భూదేవి మాటలను ఒక్కొక్కటిగా గుజరాతీలో చెప్పింది. కరోనాతో పోలేదు, తాళంతో పోయాడన్న మాట. షట్టర్ గుద్దిన మాట. మాపటి దాకా ఎత్తని ఫోన్ మాట. తిట్టడానికి రాలేదన్న మాట. "ఆ తాళం ఎందుకు వేశావయ్యా అని అడిగింది."

ధనసుఖ్‌భాయ్ మొహంలోని నవ్వు మెల్లగా పోయింది. అద్దాల అవతల మగ్గాలు నడుస్తున్నాయి. అతను లేచి గది తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. పాలగ్లాసు పక్కకు జరిపాడు.

"ఆమె వేదిక మీద నాకు ఆభార్ చెప్పిందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను" అన్నాడు. "ఆమెకు నా మీద ఏమీ లేదనుకున్నాను."

"అందుకే సురేశ్‌ను పిలిచారా?"

"ఏదో ఒకటి చెయ్యాలనిపించింది." అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వయసు మళ్లిన మనిషి. కళ్లద్దాలు లేకుండా ఇంకా ముసలివాడిలా కనిపించాడు. "అప్పుడు అందరి కార్ఖానాల నుంచీ జనం పారిపోతున్నారు బేటా. మళ్లీ తెరిస్తే మగ్గాలు నడిపేదెవరు? నేనొక్కడినే కాదు వేసింది. రెండు రోజులే అనుకున్నాను."

అతను ఆగి ఆగి మళ్లీ అన్నాడు.

"ఫోన్ మోగడం చూశాను. మాస్టర్ పేరు కనిపించింది. ఊరికి పోతామని గొడవ చేస్తున్నారనుకున్నాను. సాయంత్రం చూద్దాంలే అని బల్ల మీద బోర్లా పెట్టాను. ఇంట్లో వాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు."

చివరికి అతను, "ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు బేటా, ఆమె మనసు కుదుటపడేట్టు. నువ్వు బాగా చెబుతావు" అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది సింధూజకు. "నేను సొంతంగా ఏమీ చెప్పను" అంది. "మీరు ఏది చెబితే అదే తీసుకుపోతాను. మీరు ఏమీ చెప్పకపోతే ఏమీ చెప్పలేదని చెబుతాను."

అతను కళ్లద్దాలు పెట్టుకుని ఆమెను పరీక్షగా చూశాడు. ఇది మాస్టర్ కూతురు అన్న సంగతి అప్పుడే కొత్తగా గుర్తొచ్చినట్టు చూశాడు. "ఫోన్ చూశానని చెప్పు" అన్నాడు. "పొమ్మను ఇంక. నాకు పనుంది." ఆ పొమ్మన్నది ఎవరినో సింధూజకు తెలియలేదు. అతను బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

భూదేవి గడపలోనే కూర్చుని ఎదురుచూస్తోంది. సింధూజ ఆమె ముందు నేల మీద కూర్చుని అన్నీ చెప్పింది. అందరూ పారిపోతున్నారన్న మాట, రెండు రోజులే అనుకున్నానన్న మాట, ఫోన్ మోగడం చూసి బోర్లా పెట్టిన మాట. నువ్వే ఏదో ఒకటి చెప్పమన్నాడన్న మాట కూడా దాచలేదు. ఒక్కో మాటా చెబుతుంటే భూదేవి మొహం ముడుచుకుపోవడం కనిపిస్తూనే ఉంది. ఎక్కడో ఒకచోట కాస్త మెత్తగా చెబితే బాగుండుననిపించి మాట సింధూజ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ముందుకు పోయింది.

"ఫోన్ సూసిండా?" అంది భూదేవి.

"సూసిండట."

"సూసి ఎత్తలె."

"ఎత్తలె."

"మాఫ్ చెయ్యమన్నడా?"

ఆ ఒక్కటి. ఒక్క "అవును" అంటే సరిపోయేది. అతని కళ్లద్దాలు, ముసలి మొహం గుర్తొచ్చాయి. అతను అడగాలనుకున్నాడేమో కూడా. కానీ అడగలేదు.

"అనలే అత్తమ్మా."

భూదేవి తల ఊపింది. ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయి చీర ముందేసుకుంది. సింధూజ ఇంకా గడపలోనే ఉండడం చూసి, "ఇంటికి పో ఇగ. మీ అమ్మ సూస్తది" అంది. ఆ గొంతులో ప్రేమ లేదు, కోపమూ లేదు.

సురేశ్ కార్ఖానాకు పోలేదు. ఇచ్ఛాపూర్ బస్సే ఎక్కాడు. ఎందుకని అడిగితే తల్లి అతనికి ఏం చెప్పిందో సింధూజకు తెలియదు.

మూడో సాయంత్రం ముచ్చట పిల్లలకు పాటలు నేర్పడం గురించి. సింధూజ అంతకుముందే లక్ష్మీరాజం ఇంటికి పోయి, ఆ రోజు తను తప్పు చెప్పానని సభలో రెండు నిమిషాలు చెప్పనివ్వమని అడిగింది. లక్ష్మీరాజం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా? మనం ఈ ఊర్ల బతకొద్దా? తెలుగోళ్లకు అందరికి తెలుసు గద ఆమె ఏమన్నదో" అన్నాడు. ఆమె ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. వీడియో మాత్రం గ్రూపులోంచి తీసేయించాడు. ఆ సాయంత్రం గుజరాతీలోకి చెప్పడానికి వేరే పిల్లవాడిని పెట్టుకున్నారు. సింధూజ పోలేదు. హాల్లో చప్పట్లు కొట్టిన గుజరాతీలు ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నారు, కార్ఖానాలో నీడనిచ్చిన సేఠ్‌కు ఒక విధవరాలు దండాలు చెప్పుకుందని. వాళ్లు ఎవరెవరో, ఎక్కడుంటారో కూడా ఆమెకు తెలియదు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు గల్లీలో ఆట జరిగింది. భూదేవి వచ్చింది. పాట ఆమే ఎత్తింది. సింధూజ వరసలో చివరికి చేరి చప్పట్లు కొడుతూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ రెండుసార్లు ఇద్దరూ ఎదురెదురుగా వచ్చారు. భూదేవి చూపు పూల మీదే ఉంది.

దీపావళి సెలవులకు కార్ఖానా మూతపడింది. తెరిచాక నర్సింగానికి పిలుపు రాలేదు. కొన్నాళ్లు అతను ఎదురుచూశాడు. ఆ తర్వాత ఊరి చివర ఇంకో కార్ఖానాలో కుదిరాడు. పొద్దున్నే లేచి దూరం పోవాల్సివచ్చేది. కూతురిని ఏమీ అనలేదు. భూదేవి ఇంటికి పోయి తన మాట తను చెప్పుకొమ్మని సింధూజ ఒకసారి అంది. "పోత" అన్నాడు. పోలేదు. భూదేవి గల్లీ వచ్చేసరికి బండి వేగం పెంచేవాడు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున సింధూజ పాల కోసం పోతే, అదే దుకాణం దగ్గర భూదేవి నిలబడి ఉంది. ముఖాముఖి పడ్డారు. సింధూజకు ఏం మాట్లాడాలో తోచక పాల ప్యాకెట్ చేతులు మార్చుకుంది.

"మీ బాపుకు పని దొరికిందట గద" అంది భూదేవి.

"దొరికింది అత్తమ్మా. దూరమే జర."

"సురేశ్‌ది గూడ దూరమే." భూదేవి చిల్లర కొంగుకు ముడి వేసుకుంది. "చలి పెడుతున్నది. పొద్దుగాల పోయేటప్పుడు చెవులకు రుమాలు కట్టుకోమను."

అంతే చెప్పి తన గల్లీ వైపు నడిచింది. వెనక నుంచి పిలవాలని సింధూజకు అనిపించింది. ఏమని పిలవాలో తెలియలేదు. దుకాణంవాడు, "ఇంకేమైనా కావాలా బెన్?" అని రెండోసారి అడిగేదాకా అక్కడే నిలబడి ఉంది.